మూలశంక నివృత్తి సమితి

శేషారత్నం టబ్బులో రెండో చెంబు వేడినీళ్ళు పోసి, మోచేయి ముంచి చూసి, మరో అర చెంబు చన్నీళ్ళు కలిపింది. పసిపిల్లలకు నీళ్ళు తొరిపే పద్ధతి అది. ఆ ఇంట్లో పసిపిల్లలెవరూ లేరు. టబ్బు పక్కన తువ్వాలు భుజాన వేసుకుని, మొహం వేలాడేసుకుని నిలబడి ఉన్నవాడు ఆమె భర్త సోమలింగం, హద్దురాళ్ళ సంస్థలో సీనియర్ అసిస్టెంటు.

"ఊఁ, కూర్చోండి. ఆరిపోతాయి," అన్నది.

సోమలింగం కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. రోజు మొత్తంలో అతను హాయిగా కూర్చునేది ఆ టబ్బులోనే. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కడ్డీ పట్టుకుని నిలబడతాడు. ఆఫీసులో ఈ తుంటి మీద కాసేపు, ఆ తుంటి మీద కాసేపు ఒరిగి, రెండూ మొరాయించాక లేచి బీరువాలో ఏదో వెతుకుతున్నట్టు నటిస్తాడు. పెళ్ళిళ్ళలో నిలబడి తినే భోజనాలు వచ్చినందుకు ఊరంతా తిట్టుకుంటే అతనొక్కడే సంతోషించాడు.

జబ్బు పాతదే. మొదట్లో కందగడ్డ కూరతో, పల్చటి మజ్జిగతో సర్దుకుపోయింది. తరవాత శేషారత్నం గోంగూర తేవడం మానేసి, మిరపకాయల డబ్బా అటక ఎక్కించింది. ఆ వైపు ఇళ్ళలో కారం ఘాటు రాకపోతే ఎవరో పోయారనే లెక్క. పక్కింటివాళ్ళు ఒకసారి పరామర్శకు కూడా వచ్చారు. కారం మానినా జబ్బు మానలేదు. రక్తం పడటం మొదలైంది. సిగ్గుతో చాలాకాలం నెట్టుకొచ్చి, చివరికి మెట్లు ఎక్కుతుంటే కళ్ళు తిరిగి పడబోయాక, శేషారత్నం రెక్క పట్టుకుని డాక్టర్ నస్రీన్ దగ్గరికి తీసుకుపోయింది.

ఆ డాక్టరమ్మ నిండు చూలాలు. పరీక్ష చేసి, చేతులు కడుక్కుంటూ విషయం చెప్పేసింది. మందుల దశ దాటిపోయింది, లోపలికి నెట్టినా పోవు, కోసి తీసేయాల్సిందే. రక్తం ఇప్పటికే సగానికి పడిపోయింది, ఇంకా పడితే మత్తు ఇవ్వడానికి కూడా వెనకాడాల్సి వస్తుంది. వచ్చే నెల మొదటి గురువారం తర్వాత ఆమె కాన్పు సెలవులో వెళ్తుంది. ఆ ఊళ్ళో ఈ ఆపరేషన్ చేసే చెయ్యి ఇంకొకటి లేదు.

"గురువారం తొమ్మిదింటికల్లా పరగడుపున రండి. సిగ్గుపడితే తగ్గే జబ్బు కాదండీ ఇది," అన్నది.

సోమలింగానికి ఆపరేషన్ అంటే భయం లేదు. కత్తి పడితే పడనీ, తర్వాత మనిషిలా కూర్చోవచ్చు. అతని భయమంతా సెలవు గురించే.

ఎందుకంటే సంస్థకు కొత్తగా సంచాలకులు వచ్చారు. పేరు సాకేత్ నందన్. కుర్రవాడు, మంచివాడు, ఎవరినీ కసురుకోడు. పుట్టిందీ పెరిగిందీ చదివిందీ ఉత్తరాదిన. ఉద్యోగం ఇక్కడ పడ్డాక తాను తెలుగువాడినన్న సంగతి ఆయనకు ఒక్కసారిగా తట్టింది. తట్టిన మర్నాడే ఉత్తర్వు వెలువడింది. ఇకపై సంస్థలో ఆంగ్లపదం రాయరాదు, పలకరాదు. నోరు జారినవారు అందరి ముందూ నిలబడి ఒక శతకపద్యం అప్పజెప్పాలి. ఆ దెబ్బతో 'సార్' పోయి 'అయ్యా' వచ్చింది. కుర్చీ కూడా మనది కాదని ఎవరో చెప్పగా అది పీఠం అయింది. సోమలింగం పనిచేసే కదిలిన రాళ్ళ సెక్షను 'చలిత శిలా విభాగం' అయింది. ఊళ్ళ మధ్య పాతిన హద్దురాయి దుక్కిలో నాగలి తగిలి జరిగితే, ఎటు జరిగింది, ఎంత జరిగింది, తనంతట జరిగిందా ఎవరైనా జరిపారా అని రాసుకోవడం ఆ విభాగం పని. రాయిని మళ్ళీ స్వస్థానానికి జరపడం వేరే విభాగం పని. ఆ విభాగం ఇంకా ఏర్పడలేదు.

సెలవు మంజూరు కాకుండా మానేయడానికి కూడా సంచాలకులు కొత్త పేరు పెట్టారు. 'ఉడాయింపు'. ఉడాయించినవాడి పేరు గేటు దగ్గర నల్లబల్ల మీద, తండ్రి పేరుతో సహా రాస్తారు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ చెప్పకుండా ఒక్క పూట మానని సోమలింగానికి ఆ బల్ల తలుచుకుంటేనే చెమటలు పట్టేవి.

సంచాలకులది నిఘంటువు ముందు పెట్టుకుని నేర్చుకున్న తెలుగు. ఆయన కారు రోజూ బస్టాండు మీదుగా వచ్చేది. ఆ దారిలో ప్రతి గోడ మీదా 'మొలలకు శాశ్వత పరిష్కారం' అనో, 'మొలలా? నేడే సంప్రదించండి' అనో నిలువెత్తు అక్షరాలు. ఆయన నిఘంటువు తీసి చూశారు. మొల అంటే ఇనుప చీల, మేకు అని ఉంది. తొలి సమావేశంలోనే ఆయన, ఇంత చిన్న పట్టణంలో మొలల వ్యాపారం ఇంత ముమ్మరంగా సాగడం చూసి తన హృదయం ఉప్పొంగిందనీ, ఇక్కడి వడ్రంగుల నైపుణ్యానికి తలవంచి నమస్కరిస్తున్నాననీ అన్నారు. గదిలో ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత భాషాధికారి పార్థసారథిగారు చప్పట్లు మొదలుపెట్టారు. అందరూ అందుకున్నారు.

సెలవు చీటీ ఎలా రాయాలో తెలియక సోమలింగం సూపరింటెండెంటు మాలకొండయ్య దగ్గరికి వెళ్ళాడు. మాలకొండయ్య వయసులో పెద్దవాడు, ఆఫీసులో అందరి కష్టాలూ తెలిసినవాడు, ఏ కష్టంలోనూ చెయ్యి పెట్టనివాడు. పైల్స్ అని రాస్తే ఇంగ్లీషు అవుతుంది. మొలలు అని రాస్తే అది నలుగురు ఆడపిల్లల బల్లల మీదుగా పోవాలి, మర్యాద కాదు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడుకుని, చివరికి మాలకొండయ్య ఒక దారి చూపించాడు.

"మూలశంక అని రాయవయ్యా. పంచాంగంలో మాట మాదిరి గౌరవంగా ఉంటది. చదివినోడు ముక్కు మూసుకోడు."

'మూలశంక తీవ్రరూపం దాల్చినందున, శస్త్రచికిత్స ద్వారా సమూలంగా తొలగించుకొనుటకై సెలవు మంజూరు చేయ ప్రార్థన.' సోమలింగం ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పంపించాడు.

సంచాలకులు దాన్ని రెండుసార్లు చదివారు. మూలం అంటే ఆయనకు తెలుసు. శంక అంటే సందేహమని తెలుసు. చలిత శిలా విభాగంలో ఒక మామూలు ఉద్యోగికి మౌలికమైన సందేహం కలిగింది. దాన్ని పైపైన కాక, శస్త్రచికిత్స చేసినట్టు సమూలంగా తొలగించుకోవాలని తపిస్తున్నాడు. ఉద్యోగంలోకి వచ్చాక ఇంత గొప్ప దరఖాస్తు ఆయన చూడలేదు. కళ్ళు చెమ్మగిల్లాయి. అంచున ఇలా రాశారు: 'శంకకు సెలవు పరిష్కారము కాజాలదు. శంక పుట్టినచోటనే తీరవలెను. తక్షణమే సమితి వేయునది.'

ఆ చీటీ భాషాధికారి బల్ల మీదికి వచ్చింది. పార్థసారథిగారికి మూలశంక అంటే ఏమిటో బాగా తెలుసు. ఆయన మేనమామకు కూడా ఉండేది. అయితే సంచాలకులకు మాటల అర్థాలు చెప్పడానికే ఆయన్ని ఆ పదవిలో వేశారు. మేకుల నాడు చప్పట్లు కొట్టిన మనిషి మూలశంక దగ్గర నోరు తెరిస్తే, ఆ నాడు ఎందుకు తెరవలేదన్న ప్రశ్న వస్తుంది. కాబట్టి ఆయన సమితికి చక్కటి పేరు ఒకటి ఆలోచించి పెట్టారు. అధ్యక్షులు సంచాలకులు, కార్యదర్శి భాషాధికారి, సభ్యుడు మాలకొండయ్య. మూలశంక నివృత్తి సమితి.

మొదటి సమావేశానికి సోమలింగాన్ని పిలిచి, గౌరవార్థం ఎత్తైన పీఠం మీద కూర్చోబెట్టారు. సంచాలకులు ఎంతో మెత్తగా అడగడం మొదలుపెట్టారు. తన బాధ సంచాలకుల దాకా చేరిందనే అనుకున్నాడు సోమలింగం. ఇంత పెద్దాయన తన జబ్బు గురించి ఇంత ఓపికగా అడుగుతుంటే సిగ్గూ కృతజ్ఞతా ముప్పిరిగొని తల వంచుకుని జవాబులు చెప్పాడు.

"శంక ఎన్నాళ్ళుగా ఉన్నది?"

"చాన్నాళ్ళయిందయ్యా. బయటపడలేదు."

"అంతర్గతమా?"

"మొదట్లో లోపలే ఉండేదయ్యా. ఈ మధ్యే బయటికి వచ్చేసింది."

సంచాలకులు భాషాధికారి వైపు ఆందోళనగా చూశారు. సంస్థ అంతర్గత విషయం బయటికి పొక్కడం మంచిది కాదు. ఎవరెవరు చూశారని అడిగారు.

"డాక్టరమ్మ ఒక్కతే చూసిందయ్యా."

డాక్టరన్నది ఆంగ్లపదం. సోమలింగం లేచి నిలబడి పద్యం అప్పజెప్పాడు. నిలబడినంతసేపూ ప్రాణం కుదుటపడింది గనక అడగకుండానే ఇంకో పద్యం కూడా చెప్పాడు. సమితి అతని భాషాభిమానాన్ని మెచ్చుకుంది.

శంక ఏ వేళల్లో ఎక్కువగా ఉంటుందన్నది ఆఖరి ప్రశ్న.

"ఎక్కువసేపు కూర్చుంటే పెరుగుతుందయ్యా," అన్నాడు సోమలింగం, ఇంతకన్నా తేటగా చెప్పలేనన్నట్టు.

సంచాలకులు కలం తీసి ఆ మాట రాసుకున్నారు. ఆలోచనాపరుల లక్షణమే అది అన్నారు. కూర్చునేకొద్దీ శంకలు పెరగడం ప్రాచీనకాలం నుంచీ ఉన్నదే అన్నారు. వారానికి రెండుసార్లు సమితి ముందు కూర్చుని తన శంకను క్రమంగా వెళ్ళగక్కవలసిందిగా సోమలింగాన్ని ఆదేశించారు.

అసలు వెళ్ళగక్కాల్సింది సమితిలో మిగతా ఇద్దరూ. మాలకొండయ్య కాగితాల కేసి చూశాడు, పార్థసారథిగారు కప్పు కేసి చూశారు.

రెండో సమావేశం అయిన రోజు, వరండాలో స్తంభం పట్టుకుని సోమలింగం నెమ్మదిగా కిందికి జారిపోవడం మాలకొండయ్య చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. నీళ్ళు చల్లి లేపి, పక్కన కూర్చోబెట్టబోయి, జ్ఞాపకం వచ్చి గోడకు ఆనించి నిలబెట్టాడు. ఆ మొహం చూశాక, సర్వీసులో ఎప్పుడూ లేని తెగింపు అతనికి వచ్చింది. పద్యం అప్పజెప్పాల్సి వచ్చినా సరే అసలు మాట చెప్పేద్దామని సంచాలకుల గదిలోకి వెళ్ళాడు. అయితే అలవాటు ఎక్కడికి పోతుంది. ఆ మాట నోట్లోకి వచ్చేసరికి గొంతు అదే తగ్గిపోయింది.

"అయ్యా, తప్పుగా అనుకోబాకండి. సోమలింగానికి పైల్సయ్యా," అన్నాడు, సగం గొంతుతో.

"ఫైల్స్?" అన్నారు సంచాలకులు. "దస్త్రములు అనండి."

"దస్త్రాలు కాదయ్యా, పైల్సు. బాగా ముదిరినయ్యి. ఇప్పటికిప్పుడు తీసెయ్యకపోతే మనిషి దక్కడు."

సంచాలకులు కదిలిపోయారు. మాలకొండయ్య పద్యం చెబుతున్నంతసేపూ ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు. ఒక మనిషిని దస్త్రాలు ఇంతగా కుంగదీస్తాయని, శంకలన్నిటికీ మూలం ఆ భారమేనని తనకు తట్టనందుకు తనను తానే నిందించుకున్నారు. పాలనలో శస్త్రచికిత్స అంటే ఇదే కదా అన్నారు. సాయంత్రంలోగా సోమలింగం బల్ల మీదా బల్ల కిందా బీరువాలో ఉన్న దస్త్రాలన్నిటినీ సమూలంగా తొలగించాలని ఉత్తర్వు ఇచ్చారు. తొలగించారు. ఎక్కడ పెట్టాలో ఉత్తర్వులో లేదు గనక మేడమెట్ల మీద పెట్టారు.

మర్నాటికి సోమలింగం బల్ల అద్దంలా మెరుస్తోంది. ఇప్పుడు చేతిలో పనేమీ లేదు కాబట్టి సెలవు ఇవ్వడానికి అడ్డేముందని అతను మళ్ళీ చీటీ పెట్టుకున్నాడు. జవాబు మధ్యాహ్నానికల్లా వచ్చింది. 'దస్త్రములు లేనివారికి పని లేదు. పని లేనివారు ఏ పని నుండి సెలవు కోరుచున్నారో వివరింపవలెను.'

సోమలింగం ఆ వాక్యాన్ని చాలాసేపు చూశాడు. అందులో తప్పు ఎక్కడుందో అతనికి కనబడలేదు. ఏళ్ళ తరబడి అలాంటి వాక్యాలు రాసిన చెయ్యి అతనిది.

ఈ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు శేషారత్నం పప్పు తిరగమోత పెడుతోంది. గరిటె పక్కన పెట్టి, మీలో ఒక్కరికీ నోరు లేదా అని అడిగింది. ఉన్నదిగానీ అది ఆఫీసు నోరని అతను చెప్పలేకపోయాడు.

"మూలశంకంట, దస్త్రాలంట. మొలలని చెప్పేదానికి ఇంత మంది ఎందుకండీ? నేను చెప్పొస్తా," అన్నది.

అన్నట్టే మర్నాడు ఉతికిన చీర కట్టుకుని ఆఫీసుకు పోయింది. ఆమెను ఎవరూ ఆపలేదు. ఆడమనిషి వచ్చిందని సంచాలకులు లేచి నిలబడి నమస్కారం పెట్టి కూర్చోమన్నారు. శేషారత్నం కూర్చోలేదు. చెప్పదలుచుకున్నది చెప్పేసింది.

"మా ఆయనకు మొలలండీ. కూర్చోలేకపోతా ఉండాడు."

సంచాలకులు నిర్ఘాంతపోయారు. మొలలు. మేకులు. తన కార్యాలయంలో, తన కళ్ళముందు. కూర్చునే పీఠంలో ఏముందో చూసుకోకుండా తాను ఇన్నాళ్ళూ శంకలనీ దస్త్రాలనీ ఎక్కడెక్కడో వెతికారు.

"ఇంత చిన్న మాట నాకు ఎవరూ చెప్పలేదేమమ్మా? ఎక్కడ ఉన్నాయి అవి?"

శేషారత్నానికి ఆయన మీద జాలి వేసింది. చదువుకున్నవాడే గానీ లోకం తెలిసినట్టు లేదు.

"కూర్చునే చోటనే ఉంటాయండీ. ఇంకెక్కడుంటాయి?"

"ఎన్ని ఉన్నాయి?"

"డాక్టరమ్మ మూడని చెప్పింది."

ఆయన ఆవేశంలో పద్యం సంగతి కూడా మరిచిపోయారు. "ఈ రోజే పీకించేస్తాను. దగ్గరుండి, నా సమక్షంలోనే," అన్నారు.

శేషారత్నం రెండడుగులు వెనక్కి వేసింది. మీరెందుకండీ అంత శ్రమ, ఆస్పత్రిలో చేస్తారు అని చెప్పబోయింది. ఆయన అప్పటికే గంట నొక్కి ఇంజనీరును పిలుస్తున్నారు. ఆమె చెంగు భుజాల చుట్టూ కప్పుకుని, ఇంటికి చేరేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

సాయంత్రానికి ఇంజనీరు, ఇద్దరు వడ్రంగులు, భాషాధికారి చూస్తుండగా సోమలింగం పీఠాన్ని తలకిందులు చేశారు. కాళ్ళు ఊడదీశారు. వీపు ఊడదీశారు. పొడుచుకొచ్చిన మేకు ఒక్కటీ దొరకలేదు. దొరకలేదంటే బాగా లోపల ఉన్నట్టే అని సంచాలకులు తేల్చారు. దూదిమెత్త కింద దాక్కునే అవకాశం ఉంది గనక మెత్త తీసేయించారు. ఇనుము అన్నదే తగలకుండా, చింతకర్రతో, కొయ్య చీలలతో కొత్త పీఠం చేయించారు. రోజూ ఉదయం ఒక ఉద్యోగి దాన్ని అరచేత్తో తడిమి, 'మొలలు లేవు' అని సంతకం చేశాకే సోమలింగం కూర్చోవాలి. కూర్చున్నాక లేవకూడదు. లేస్తే పీఠం మీద నమ్మకం లేనట్టు అవుతుంది. అసౌకర్యానికి అసలు కారణం దొరికిపోయింది కాబట్టి మేడమెట్ల మీది దస్త్రాలన్నీ తిరిగి వచ్చేశాయి. మెట్ల మీద తొక్కుళ్ళు పడి అవి ముందుకన్నా లావెక్కాయి.

ఆ చింతకర్ర మీద సోమలింగం గడిపిన వారం గురించి చెప్పుకోకపోవడమే మేలు. సాయంత్రం ఇంటికి లేచినప్పుడల్లా పంచె వెనక్కి లాక్కుని గోడ వారగా నడిచేవాడు. ఆ పీఠాన్ని తడిమే ఉద్యోగి ఒకనాడు చెయ్యి తీసి చూసుకుని, ఏమీ అనకుండా పోయి సబ్బుతో కడుక్కుని వచ్చి, మొలలు లేవనే సంతకం చేశాడు.

డాక్టర్ నస్రీన్ మళ్ళీ రక్తం పరీక్ష చేసి, చీటీ చూసి కనుబొమలు ముడిచింది. ఈ గురువారం దాటితే తాను ఉండననీ, ఉన్నా ఇంకా పడిపోయిన రక్తంతో ఆ పని ఎవరూ పెట్టుకోరనీ శేషారత్నంతో చెప్పింది. సోమలింగంతో చెప్పలేదు. అతను విన్నాడు.

బుధవారం అతను ఆఖరిసారి చీటీ పెట్టాడు. ఈసారి కారణమేమీ రాయలేదు. సెలవు కావాలని మాత్రమే రాశాడు. సంచాలకులు దాని గురించి రాత్రి పొద్దుపోయేదాకా ఆలోచించారట. శంక నివృత్తి కోసం సమితి కూర్చుంది. దస్త్రాలు తొలగించారు. మొలలు లేవని రోజూ ధ్రువీకరిస్తున్నారు. అయినా ఈ మనిషి సెలవే అడుగుతున్నాడంటే శంక కార్యాలయానిది కాదు, గృహానిది. గృహానికి సంబంధించిన శంకను గృహంలోనే తీర్చాలి.

గురువారం పొద్దున్నే సంస్థ కారు వచ్చి వీధిలో ఆగింది.

సోమలింగం పరగడుపున, ఉతికిన పంచె కట్టుకుని తయారై ఉన్నాడు. దుప్పటి, రెండు పంచెలు పెట్టిన సంచి తలుపు వెనక సిద్ధంగా ఉంది. నల్లబల్ల సంగతి తెల్లవార్లూ ఆలోచించి, సెలవు మంజూరు కాలేదు కాబట్టి వెళ్ళాలా మానాలా అని ఇంకా తేల్చుకోలేదు. మంచం చుట్టూ తిరుగుతూ ఉన్నాడు. ఇంతలో సంచాలకులు గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. వెనకాలే శాలువా పట్టుకుని పార్థసారథిగారు, ఏమీ పట్టుకోకుండా మాలకొండయ్య.

ముగ్గురూ కూర్చున్నారు. గురువారం ఉదయం గృహ సందర్శన చేసిన తొలి సమితి ఇదేనని పార్థసారథిగారు చెప్పారు. తాను అధికారిగా రాలేదనీ, ఇంటి మనిషిగా వచ్చాననీ సంచాలకులు అన్నారు. ఆయన అన్నది నిజమే. ఆ మొహంలో కల్మషం లేదు. సోమలింగానికి మేలు చెయ్యాలని ఆయన ఎంతగా అనుకుంటున్నారో చూస్తుంటే భయం వేస్తుంది.

శేషారత్నం వంటింటి గడపలో నిలబడి మాలకొండయ్య వైపు చూసింది. మాలకొండయ్య నేల చూపులు చూశాడు. ఆమె గోడ గడియారం వైపు చూసింది. ఎనిమిదిన్నర దాటింది.

"అయ్యా, ఆస్పత్రికి పోవాలండీ. తొమ్మిదింటికి," అన్నది.

ఎవరికి బాగాలేదని సంచాలకులు కంగారుగా అడిగారు. సోమలింగానికేనని ఆమె చెప్పింది. అప్పుడాయన తేలికపడి నవ్వారు. మనసులో శంక ఉన్నవాడికి ఒంట్లో నలతగా ఉండటం సహజమేననీ, మూలం తీరితే ఆ నలత దానంతటదే పోతుందనీ అన్నారు. శంక తీరేదాకా ఎంతసేపైనా సరే, మధ్యాహ్నమైనా సరే, తాము ఇక్కడినుంచి కదలమన్నారు.

సోమలింగం గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. తన జబ్బుకు ఇంకేదైనా మాట ఉందా అని వెతుక్కున్నాడు. ఉన్న మాటలన్నీ వాడేశారు. ఇంక చూపించడం ఒక్కటే మిగిలింది. అది తన వల్ల కాదు. ఎదురుగా ముగ్గురూ హాయిగా కూర్చుని ఉన్నారు. సంచాలకులు కాలు మీద కాలు వేసుకుని కొద్దిగా వెనక్కి వాలారు. పార్థసారథిగారు కుర్చీలో సర్దుకుని చేరగిలబడ్డారు. కూర్చోవడం వాళ్ళకు ఎంత సులువైన సంగతో అతను మొదటిసారి చూసినట్టు చూశాడు.

సంచాలకులు ఖాళీ కుర్చీని తన చేత్తో దగ్గరికి లాగి, దాని మీద దుమ్ము కూడా తుడిచారు.

"కూర్చుని మాట్లాడుకుంటే తీరని శంక లేదు, సోమలింగం గారూ. ముందు మీరు కూర్చోండి."

సోమలింగం ఆ కుర్చీ వైపు చూశాడు. శేషారత్నం వైపు చూశాడు. కాఫీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని ఆమె అలాగే నిలబడిపోయింది. అతను తలుపు వెనక చెయ్యి పెట్టి సంచి తీసి భుజాన వేసుకున్నాడు. సంచాలకులు కుర్చీని ఇంకొంచెం ముందుకు జరిపారు. గుమ్మానికి అడ్డంగా ఉన్న మాలకొండయ్య మోకాళ్ళు, ఎవరూ అడగకుండానే, పక్కకు తిరిగాయి.

సోమలింగం చెప్పులేసుకున్నాడు. ఎవరికీ ఒక్క ముక్క చెప్పకుండా గుమ్మం దిగి, గేటు తీసుకుని, కాళ్ళు కొంచెం ఎడంగా వేసుకుంటూ ఆస్పత్రి వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.